కులం గడిలో సిక్కు

కోదాడ,
4-9-1989

ప్రియమైన బాపుకు, యాడికి,

మీ సుక్కి రాసే ఉత్తరం. బీరన్న మామా, బాపు పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాకే దీన్ని చదివి వినిపించు. యాడి ఒక్కతే ఉన్నప్పుడు చదివితే సగం విని ఏడుపు మొదలుపెడుతుంది.

ముందు మంచి సంగతి. నేను ట్రైనింగ్ కాలేజీలో చేరాను. హాజరులో నా పేరు పిలిస్తే లేచి నిలబడ్డాను. మన తండాకు పంతుళ్లు వచ్చిపోవడమే గాని, తండా నుంచి పంతులమ్మ అయిన మనిషి ఇంతవరకు లేదు. ఆండాలు అనే అమ్మాయితో కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాను. వాళ్లది వాడపల్లి వైపు, గొర్లు కాచుకునే ఇల్లు. నా జుట్టు చూసి, "ఇంత జుట్టు ఎట్ల మోస్తవే, మా గొర్లకైన ఏడాదికోసారి కత్తెర పడతది" అని నవ్వుతుంది. నవ్వుతూనే నూనె రాస్తుంది. మంచి పిల్ల.

ఇక అసలు సంగతి. మొన్న శనివారం ఆఫీసులో నా టీసీ చూశారు. గుమస్తా గారు పేరు చదివి, "సుక్కి కవరా? ఇదేం పేరమ్మా, తపాలా బిళ్ల అంటించాలా?" అన్నారు. కౌర్ అని చెప్పాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తరువాత ఆయన వేలు కిందికి జరిగింది. మతం అన్న గడిలో హిందూ అని ఉంది. కులం అన్న గడిలో సిక్కు అని ఉంది. ఇంతకాలం నేను మార్కులే చూసుకున్నాను గాని ఆ రెండు గడులూ చదవలేదు బాపూ. ఇంటర్ దాకా ఇంటి నుంచే బస్సులో పోయి చదివాను గనుక ఎవరూ అడగనూ లేదు.

నాకు సీటు వచ్చింది ఎస్టీ కోటాలో. మేము లంబాడాలమని, ఇంట్లో మాట్లాడేది మా భాషేనని, అమ్మను యాడి అంటామని, ఆ యాడి ఇప్పటికీ అద్దాల రవికే తొడుగుతుందని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. "నేను నమ్ముతానమ్మా. కాగితం నమ్మొద్దూ?" అన్నారు.

ఈ నెల ముప్పయ్యో తారీఖులోపు ఎస్టీ అని కులం సర్టిఫికెట్ తెచ్చి ఇవ్వాలి. తేకపోతే నా సీటు జాబితాలో నా తరువాత ఉన్న పిల్లకు పోతుంది. నువ్వు మన మండలాఫీసుకు పోయి అడుగు బాపూ. టీసీ నకలు ఇందులో పెడుతున్నాను. తడవకుండా చూసుకో.

మీ బిడ్డ,
సుక్కి


తండా,
9-9-1989

చిరంజీవి సుక్కికి,

మీ బాపు దేవ్‌సింగ్ చెబుతుండగా పోస్ట్‌మన్ బీరన్న రాస్తున్నది. చదువుకున్న బిడ్డకు పోయే ఉత్తరం గనుక ఆయన మాటను కాస్త పుస్తకాల భాషలోకి దించి రాస్తాను. ఎక్కడైనా తన మాట తన మాటగానే ఉండాలని ఆయన పట్టుబడితే అట్లాగే రాస్తాను. ఇక ఇక్కడి నుంచి నేను అంటే మీ బాపు.

బిడ్డా, నిన్ను బడిలో వేసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ సారు నీ పేరు అడిగాడు, చెప్పాను. కులం అడగలేదు. నా తలపాగా చూసి రాసుకున్నాడు. ఆయన రాస్తున్నంతసేపు నేను చేతులు కట్టుకుని నిలబడి, బిడ్డ పేరు పుస్తకంలోకి ఎక్కుతున్నదని మురిసిపోతున్నాను. తప్పు ఎక్కుతున్నదని నాకేం తెలుసు?

(ఇది బీరన్న మాట. మన దిక్కు చిక్కును కూడా సిక్కు అనే అంటారు. సారు రాసింది ఒక్క మాటే గాని రెండు విధాలా నిజమైంది.)

మండలాఫీసుకు మూడు రోజులు తిరిగాను. మూడో రోజు గుమస్తా తలెత్తి చూశాడు. ఈ మాటలు జరిగింది జరిగినట్టు రాయమన్నాను.

"సర్దార్జీ, లంబాడోల్ల సర్టిఫికెట్ నీకెందుకయ్యా?"

"నేను లంబాడోణ్ణే సారూ."

"మరి గీ గడ్డమేంది?"

"గడ్డం గురువుది. ఒళ్లు తండాది."

ఆయన పడీ పడీ నవ్వాడు. నేను మా తాత సంగతి చెప్పాను. మా తాత మంగ్త్యా ఎద్దుల మీద ఉప్పు మోసేవాడు. ఒకసారి నాందేడ్ దాకా పోయి, అక్కడి గురుద్వారాలో అమృతం తాగి సిక్కు అయి వచ్చాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరి వెంట్రుకకూ కత్తెర తగలలేదు. తాత మొక్కేది మారింది గాని, మోసే ఉప్పూ అదే, ఎద్దులూ అవే అన్నాను. గుమస్తాకు ఎద్దుల గోల అక్కర్లేదు. ఒక ఉపాయం చెప్పాడు. గడ్డం తీసి, జుట్టు కత్తిరించి, మామూలు మనిషిలా ఫోటో దిగి, మేము హిందూ లంబాడాలమని కాగితం మీద రాసిస్తే వారంలో సర్టిఫికెట్ చేతిలో పెడతాడట. ఈసారి నేను నవ్వి వచ్చేశాను.

నువ్వు పరేషాన్ కావద్దు. ఏదో దారి ఉంటది. యాడి నీకు జొన్న రొట్టెలు పంపుతానంటే, కోదాడ చేరేసరికి కట్టెలైతయని ఆపాను.

నీ బాపు


కోదాడ,
13-9-1989

ప్రియమైన బాపూ,

నీ ఉత్తరం అందింది. రెండు రోజులు దాన్ని దిండు కింద పెట్టుకుని, ఏం రాయాలో తెలియక తిరిగాను.

ఆండాలు వాళ్ల బాబాయి చెప్పాడు, మిర్యాలగూడ పెద్దాఫీసులో సోమవారం నాడు అర్జీలు నేరుగా తీసుకుంటారట. మండలాఫీసు చుట్టూ తిరగకుండా అక్కడికే పో. టీసీ నకలు, ఒక ఫోటో పట్టుకుని పో. బస్టాండు ఎదురుగా స్టూడియో ఉంది, పది నిమిషాల పని.

బాపూ, ఇప్పుడు రాసేది విని కోపం తెచ్చుకోకు. స్టూడియో పక్కనే మంగలి షాపు ఉంది. ఆ గుమస్తా చెప్పినట్టు చేస్తే ఏమవుతుంది? వెంట్రుకలే కదా. మళ్లీ పెరుగుతాయి. ఫోటో దిగి, కాగితం చేతికొచ్చాక నువ్వు ఎప్పటిలాగే ఉండవచ్చు. గురువుకు అంతా తెలుసు, మనం ఎందుకు చేశామో కూడా తెలుస్తుంది. నా పేరులో కౌర్ తీసేయమన్నా తీసేస్తాను. నేను పంతులమ్మనైతే మన తండాలో పదిమంది ఆడపిల్లలు చదువుకుంటారు. పదిమంది పిల్లల చదువు పెద్దదా, ఒక మనిషి గడ్డం పెద్దదా? కోపంతో అడగడం లేదు బాపూ, భయంతో అడుగుతున్నాను. ఈ సీటు పోతే నన్ను మళ్లీ చదవనిస్తారో లేదో తెలియదు. ఈ ఒక్కసారికి చెయ్యి.

సుక్కి


తండా,
17-9-1989

సుక్కికి,

నీ ఉత్తరం బీరన్న చదివాడు. నువ్వు చెప్పినట్టే చేస్తాను. రేపు సోమవారం. పొద్దున్న మొదటి బస్సుకు మిర్యాలగూడ పోయి, ఫోటో దిగి, పెద్దాఫీసుకు పోతాను. నువ్వు మనసు పాడు చేసుకోకుండా చదువుకో.

నీ బాపు


కోదాడ,
22-9-1989

ప్రియమైన బాపూ,

నీ ఉత్తరం నాకు బుధవారం అందింది. నాలుగే నాలుగు మాటలు. బీరన్న మామ ఎప్పుడూ ఏదో ఒక హాస్యం చేర్చేవాడు, ఈసారి అదీ లేదు. 'నువ్వు చెప్పినట్టే చేస్తాను' అన్న చోట నా కళ్లు ఆగిపోయాయి. నేను కోరుకున్నది అదే కదా, మరి నాకు అన్నం ఎందుకు సయించలేదో తెలియదు. సోమవారం అప్పటికే గడిచిపోయింది.

మరునాడు కాలేజీ మానేసి సూర్యాపేట పోయాను. అక్కడ హైవే మీద జగీర్ సింగ్ అనే సర్దార్ లారీల కమాన్ పట్టీలు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడని ఆండాలు చెప్పింది. ఒకసారి తీసేసినవాళ్లు మళ్లీ పెంచుకోవచ్చా, తప్పు పోతుందా అని మన వాళ్లనే ఎవరినైనా అడగాలనిపించింది.

ఆయన చేతులకు గ్రీజు తుడుచుకుంటూ నన్ను కిందికీ మీదికీ చూశాడు. సిక్కు పిల్లనంటే నమ్మలేదు. పంజాబీలో ఏదో అడిగాడు, నాకు రాలేదు. "పంజాబీ రాదు, పంజాబ్ చూడలేదు, ఇదెట్ల సిక్కు?" అని భార్యతో అన్నాడు. మండలాఫీసులో మనం లంబాడాలం కాదన్నారు. ఇక్కడ సిక్కులం కాదంటున్నారు. నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ నీళ్లు తెచ్చి 'పాణీ' అంది. మేమూ పాణీ అనే అంటామని చెప్పాను. రొట్టె పెట్టింది. మీరు ఎవరని ఆవిడ మెల్లగా అడిగితే, లంబాడాలం, అంటే బంజారాలమని చెప్పాను.

ఆ మాట వినగానే ఆయన పట్టుకున్న పానా కింద పెట్టాడు. ఢిల్లీలో పాదుషా గురు తేగ్ బహదూర్ తల నరికించినప్పుడు, ఆయన మొండేన్ని తన బండిలో దాచి తెచ్చి, ఎవరికీ తెలియకుండా దహనం చేయడానికి సొంత ఇంటికే నిప్పు పెట్టుకున్న లఖీ షా ఎవరో తెలుసా అని అడిగాడు. తెలుసు, బంజారా అన్నాను. "మరి నన్ను చూసి ఏడుస్తవేంది? నేనే నీకు మాఫీ అడగాలె" అన్నాడు.

అప్పుడు నేను వచ్చిన పని అడిగాను. ఆయన రోడ్డు మీద పోయే లారీల వైపు తిరిగాడు. "ఎంటికలు మళ్ల వస్తయ్ బేటీ. తీసిన దినం మాత్రం పోదు" అన్నాడు.

బాపూ, ఆ కథ నాకు నువ్వే చెప్పావు. గురువు శరీరం కోసం మన కులపాయన ఇల్లు కాల్చుకున్నాడు. నేను ఒక సర్టిఫికెట్ కోసం నీ తలనే అడిగాను. నువ్వు ఇంకా మంగలి దగ్గరికి పోకపోతే పోవద్దు. పోయి ఉంటే నన్ను క్షమించు. సీటు పోతే పోనీ. ఇంటికి వచ్చి నాట్లు వేస్తాను, వచ్చే ఏడు మళ్లీ పరీక్ష రాస్తాను. కాలేజీలో అందరూ ఏమైందని అడుగుతున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు.

నీ సుక్కి


తండా,
26-9-1989

చిరంజీవి సుక్కికి,

బీరన్న రాస్తున్నది. ఇది రిజిస్టరు కవరు. ముందు లోపల చెయ్యి పెట్టి చూడు. చూశావా? ఇక నిదానంగా చదువు. ఇక్కడి నుంచి మీ బాపు.

బిడ్డా, సోమవారం పొద్దున్న కొత్త నీలం తలపాగా చుట్టుకుని మిర్యాలగూడ పోయాను. స్టూడియో ఆయన నన్ను చూసి దీపాలన్నీ వేశాడు. ఒక ఫోటో నీకు పంపుతున్నాను, గడ్డం బాగా వచ్చింది. పెద్దాఫీసు ముందర నా కంటే ముందు అరవై మంది ఉన్నారు. నా వంతు మధ్యాహ్నం దాటాక వచ్చింది.

ఆఫీసరు ముసలాయన. కాగితం చదివి, నన్ను చూసి, మళ్లీ కాగితం చదివాడు. మీ భాషలో ఏదైనా మాట్లాడమన్నాడు. నా బిడ్డ సీటు పోతే నీ కుర్చీ పక్కనే వచ్చి కూర్చుంటానని మన భాషలో అన్నాను. అక్కడి బంట్రోతు దామరచర్ల వైపు తండావాడని నాకు తెలియదు. వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "దయ చూడుమంటున్నడు సార్" అని తెలుగు చేశాడు. బతికిపోయాను.

ఆఫీసరు చెప్పింది నువ్వు రాసుకుని పెట్టుకో. ఎస్టీకి మతం అడ్డం కాదట. లంబాడా ఏ దేవుణ్ణి మొక్కినా లంబాడానేనట. "కులం అంటే నువ్వు పుట్టిన ఇల్లు, మతం అంటే నువ్వు మొక్కే దిక్కు. రెండు గడులు అందుకే వేర్వేరుగా పెట్టింది. మీ సారు గడి మార్చి రాసిండు, అంతే" అన్నాడు. బడి కాగితం ఒక్కటే రుజువు కాదని, తండాకు మనిషిని పంపి విచారణ చేయిస్తానని సంతకం పెట్టాడు.

గురువారం వచ్చింది ఎవరనుకున్నావు? మన మండలాఫీసు గుమస్తానే. తండా అంతా చేరింది. దేవ్‌సింగ్ మీవాడేనని ఏం రుజువని మన తండా పెద్ద, నాయక్ కిష్ట్యాను అడిగాడు. పోయిన ఏడు బర్రె గట్టు దాటిందని ఆ కిష్ట్యాకూ నాకూ మాటలు లేవు, నీకు తెలుసు కదా. వీడు నా కొంప ముంచుతాడనుకున్నాను. కిష్ట్యా రుమాలు దులిపి భుజాన వేసుకుని చెప్పాడు:

"వాని గడ్డం ఒక్కటే సిక్కు సార్. ఆ అలుగుడు, ఆ మొండితనం మాత్రం అచ్చంగ మా తండాయి. ఇంకోడైతే నేనెందుకు పడత?"

గుమస్తా కూడా నవ్వి రాసుకున్నాడు. నిన్న సోమవారం మళ్లీ పోతే సర్టిఫికెట్ ఇచ్చారు. నీ పేరు పూర్తిగా రాశారు. బీరన్న మూడుసార్లు చదివి చెప్పాడు, తప్పు లేదట. యాడి ఏడ్చింది గాని ఇది వేరే ఏడుపు. సూర్యాపేట సర్దార్ ముచ్చట కూడా విన్నాను, ఒకసారి పోయి ఆయనను కలవాలి.

నీ బాపు

సుక్కీ, ఇక కింద రాసేది నేను, బీరన్నను. మీ బాపు చెప్పడం అయిపోయింది, ఆయనకు ఇది తెలియదు. నీ పదమూడో తారీఖు ఉత్తరంలో స్టూడియో దాకా చదివాను. మంగలి షాపు దగ్గర ఆపేశాను. మండలాఫీసులో గడ్డం తీయమన్న మాట విన్న రోజు మీ బాపు నవ్వి వచ్చాననే చెప్పాడు గాని, ఆ రోజు కాలువ గట్టు మీద ఒక్కడే కూర్చుంటే నేను సైకిల్ మీద పోతూ చూశాను. నువ్వూ అదే మాట అన్నావని చదవడానికి నాకు నోరు రాలేదు. ఇరవై రెండో తారీఖు దాంట్లో సర్దార్ ముచ్చట చదివి, వెంట్రుకల మాట, క్షమించమన్నది వదిలేశాను. ఏం క్షమించాలో ఆయనకు తెలియదు కదా. నేను చేసింది ఉద్యోగ ధర్మం కాదు. ఉత్తరాలు నా దగ్గరే ఉన్నాయి. ఏం చేయమంటావో నువ్వే చెప్పు.


కోదాడ,
30-9-1989

ప్రియమైన బాపూ,

సర్టిఫికెట్ నిన్న ఇచ్చాను. గుమస్తా గారు వెలుతురుకు పెట్టి చూసి, "ఇప్పుడు కాగితం కూడా నమ్మిందమ్మా" అన్నారు. నా పేరు పక్కన ఇంతకాలం పెన్సిలుతో పెట్టిన ప్రశ్న గుర్తు చెరిపేశారు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే ఆండాలు వచ్చి, సీటు పోయిందనుకుని నాతోపాటు ఏడ్చింది. తరువాత చెబితే వీపు మీద ఒకటి వేసింది.

బీరన్న మామా, ఇక్కడి నుంచి ఒక్క మాట కూడా వదలకుండా చదువు. నీ మీద కోపం లేదు. నువ్వు చేసిన మేలు జన్మంతా మరువను. కాని ఇది మా బాపుకూ నాకూ మధ్య ఉండకూడదు.

బాపూ, నేను పదమూడో తారీఖున నిన్ను గడ్డం తీయించుకుని, జుట్టు కత్తిరించుకుని ఫోటో దిగమని అడిగాను. వెంట్రుకలే కదా అని రాశాను. బీరన్న మామ అది నీకు చదవలేదు. నువ్వు నీలం తలపాగాతో ఉన్న ఫోటో చూసినప్పుడు నాకు మళ్లీ ఊపిరి వచ్చింది. కాని నేను అడగలేదన్నట్టు ఆ ఫోటోను గోడకు పెట్టుకోలేను. అడిగాను. తప్పు చేశాను. రేపు నేను పిల్లలకు చదువు చెప్పేదాన్ని, నీకు తెలియని అక్షరాల చాటున దాక్కుంటే నాకు ఆ బడిలో నిలబడే అర్హత ఉండదు.

నువ్వు తిట్టినా సరే, జవాబు రాయించు.

నీ బిడ్డ,
సుక్కి కౌర్


తండా,
5-10-1989

సుక్కి బిడ్డా,

ఈసారి నా మాట నా మాటగనె రాయమన్న. పుస్తకాల భాష వద్దన్న. బీరన్న తల వంచుకొని రాస్తున్నడు.

నీ ఉత్తరం ఒక్క అక్షరం ఇడవకుంట సదివిండు. సదివినంక కాగితం మడిచి నా చేతుల పెట్టిండు. నీ యాడి చాయ్ పోసి, మమ్ములను సూసి, ఏమడగకుంట ఇంట్లకు పోయింది.

బీరన్న మాట దాచిండని నాకు ఆ దినమే ఎర్కయింది బిడ్డా. నాకు తెలుగు సదువ రాకపోవచ్చు గని, రోజు పొద్దుగాల గుర్‌ముఖి అచ్చరాలల్ల గురువు పోథీ సదువుత. ఎంత కాగితానికి ఎంత మాటుంటదో తెల్వదా? నువ్వు రెండు దిక్కుల నిండ రాస్తివి. ఆయన సదివింది ఆయన చేతుల బీడీ ఆరకముందె అయిపాయె. కండ్లు మాత్రం కిందిదాక పోయినయ్. మొన్న నేను చెప్పుడు ఆపినంక గూడ ఆయన కలం ఆగలే. నేనడగలే. బిడ్డ రాసిందంటె, దోస్తు దాచిండంటె, అది నా మీది ప్రేమ పావురంతోనె అనుకున్న. కని ఏం మాటనో అని లోపట ముల్లు లెక్క ఉండె. నువ్వు చెప్పినవ్, ముల్లు పోయింది. నువ్వు చెప్పకపోతె ఆ ముల్లు నా పానంతోనె పోతుండె.

నీ మీద కోపమా అంటె, లేదు. ఇంకో మాట ఉన్నది. బీరన్న ఇది రాయనంటున్నడు, బలిమిమీద రాయిస్తున్న. గుమస్తా తీయమంటె నవ్విన. ఎనభై నాలుగుల, ఢిల్లీల సిక్కులను సంపిన దినాలల్ల, లారీ అడ్డ కాడ నలుగురు చుట్టు నిలబడి తీయమంటె గూడ తీయలే. నాది శాన గట్టి గుండె అనుకునేటోణ్ణి. కని ఆ సోమారం స్టూడియ పక్కన మంగలి కుర్చీ ఖాళీగనె ఉండె, నేను సూసుకుంటనె పోయిన. అది నువ్వడిగిన మాట అని నాకు ఎర్కుంటె ఏం చేస్తుంటినో నాకె తెల్వది. లోకం అడిగితె కాదంట. నువ్వడిగితె కూసుంటుంటి కావచ్చు.

అందుకె బీరన్నను ఒక్క మాట అనలే. సదవక నన్ను కాపాడిండు, నిన్ను గూడ కాపాడిండు.

ఇగ నువ్వు బేఫికర్‌గ సదువుకో.

నీ బాపు,
దేవ్‌సింగ్